వైకుంఠ రథం నా సొంత కారు కాదని మనవి

శ్రీయుత మండల పరిషత్తు అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

కోనసీమ జిల్లా, చింతావారిలంక గ్రామ కాపురస్తుడు, మండపేట రైసు మిల్లు మాజీ గుమాస్తా, డెబ్బయ్యొకటో ఏట ఉన్న మట్టపర్తి రాఘవులు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాకు నాలుగు చక్రాల వాహనము కలదను కారణమున వృద్ధాప్య పింఛను నిలుపుదల చేయుట – సదరు వాహనము శవములను మోయునదై యుండుట – గురించి.

1. మనవి చేయునది ఏమనగా, ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇచ్చే నా పింఛను మూడు నెలలుగా రావడం లేదు. మిల్లులో చేసినందుకు నాకు ఏ పింఛనూ లేదు. మిల్లు మూసిన రోజున షావుకారు గారు పంచెల చాపు పెట్టి, "ఆరోగ్యం జాగ్రత్త రాఘవులూ" అన్నారు. ఆ చాపు ఎప్పుడో చిరిగిపోయింది. కనుక ప్రభుత్వం వారు ఇచ్చేదే నాకూ నా భార్య చిన్నమ్మలుకూ ఆధారం.

2. మొదటి నెల రాకపోయేసరికి మా గ్రామ సచివాలయానికి వెళ్ళి అడిగాను. అక్కడి ఉద్యోగిని రమ్యశ్రీ మంచి పిల్ల. కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, కంప్యూటరు చూసింది.

"తాతగారూ, మీకు కారుందంటండీ."

"ఎవరికమ్మా?"

"మీకేనండీ. మీ ఆధారు మీద నాలుగు చక్రాల బండి చూపిస్తోందండీ. బండి ఉన్నోళ్ళకి పింఛను ఆగిపోద్దండీ."

నాకు సైకిలు తొక్కడం రాదు. మండపేటలో ఉన్నన్నాళ్ళూ మిల్లుకి నడిచే వెళ్ళాను. కాసేపటికి అది ఏ బండో గుర్తొచ్చి అక్కడే పగలబడి నవ్వాను. ఎంత తెలివితక్కువ నవ్వో ఇప్పుడు తెలుస్తోంది.

3. సదరు వాహనము యొక్క పూర్వాపరములు: మాది లంక గ్రామం. మా ఊరి శ్మశానాన్ని గోదావరి కోసుకుపోయింది. అప్పటి నుంచి పోయినవాళ్ళను గట్టు వెంబడి పక్క ఊరి దాకా భుజాల మీద మోసుకెళ్ళాలి. ఒక ముసురు రోజున వీరవెంకటరమణ తండ్రిని మోస్తున్న మనుషులు జారి, పాడెతో సహా బురదలో పడ్డారు. వీరవెంకటరమణ కువైట్‌లో డ్రైవరు. సెలవు దొరక్క, తండ్రి ఆఖరి ప్రయాణం ఫోనులో వీడియో పెట్టించుకుని చూస్తున్నాడు. తండ్రి బురదలో పడడమూ చూశాడు. ఫోను పట్టుకున్నవాడికి ఆపేయాలని తోచలేదు.

వాడే గల్ఫులో ఉన్న మా ఊరివాళ్ళను కదిలించి, చందాలు పోగుచేసి, పాత బడి వ్యాను ఒకటి కొనిపించాడు. సీట్లు పీకించి, లోపల ఇనుప బల్ల వేయించి, పైన గంట కట్టించి వైకుంఠ రథం చేయించారు. రొయ్యల చెరువుల దగ్గర వ్యాను తోలే గంగరాజు కూలి పుచ్చుకోకుండా నడుపుతాడు. డీజిలు ఖర్చు గల్ఫు వాళ్ళదే. చచ్చినవాళ్ళ దగ్గర రూపాయి తీసుకోం.

4. అది నా పేరున ఎందుకున్నదీ అనగా: మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఉమ్మడి వస్తువు ఏదైనా ఎవరితోనూ పేచీ లేని ముసలివాడి పేరున పెడతారు. పై వీధి వాళ్ళ దగ్గర ఉంటే కింద వీధి వాళ్ళు ముట్టరు, కింద వీధి వాళ్ళ దగ్గర ఉంటే పై వీధి వాళ్ళు అడగరు. పెళ్ళి వంటల గుండిగలు, షామియానా, మైకు సెట్టు అన్నీ నా పేరునే ఉన్నాయి. బండి వచ్చినప్పుడు కూడా, "రాఘవులు మావయ్య పేరున పెట్టేయండి, ఆయనకి శత్రువుల్లేరు" అన్నారు. సంతకం పెట్టాను. గుండిగకి ఆధారు అడగరు, బండికి అడుగుతారు. ఆ తేడా మా ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు. శత్రువులు లేకపోవడం ఇంత ఖరీదైన వ్యవహారమని నాకూ తెలియలేదు.

5. నా మొదటి అర్జీ మీద విచారణకి కొండలరావు గారిని పంపించారు. ఆయన బండి చుట్టూ తిరిగి ఫోను తీశారు.

"కొంచెం బండి దగ్గరకి జరగండి బాబాయిగారూ."

"ఎందుకండీ?"

"మీరూ, బండి నంబరూ రెండూ ఫొటోలో పడాలండీ. ఆయ్, అలాగ. చెయ్యి తలుపు మీద వెయ్యండి."

చిన్నమ్మలు వీధిలోకి పరుగెత్తుకొచ్చి, "ఆయన్ని దాని పక్కన నిలబెట్టకండి బాబూ, మీకు పుణ్యం ఉంటాది, నా పసుపు కుంకాలు చల్లగా ఉండనివ్వండి" అని మొత్తుకుంది. ఆయన ఆవిడ పక్కకి తప్పుకునేదాకా ఆగి ఫొటో తీసుకున్నారు. "వాహనము అర్జీదారు పేరున, అర్జీదారు స్వాధీనమందు కలదు" అని నివేదిక రాశారు. తలుపు తీసి లోపల ఏముందో చూడలేదు. అయ్యా, ఇనుప బల్ల వేసుకుని, గంట కట్టుకుని షికారు తిరిగే మనిషిని తమరు ఎక్కడైనా చూశారా?

6. రెండో అర్జీకి వచ్చిన జవాబు ఇంకా బాగుంది. పాపం రమ్యశ్రీ చెప్పలేక చెప్పింది.

"తాతగారూ, ట్యాక్సీలకి మినహాయింపు ఉందండీ. మీరు కిరాయి తీసుకునుంటే ట్యాక్సీ కింద రాసేదాన్నండీ. ఊరికే తిప్పుతున్నారు కదండీ, అందుకని సొంత కారు కింద పడిందండీ."

అనగా శవం దగ్గర కిరాయి పిండుకున్నవాడు పేదవాడు, పిండుకోనివాడు షావుకారు! ఇది ఏ పుణ్యాత్ముడి బుర్రలో పుట్టిన లెక్కో సెలవివ్వవలెనని కోరుచున్నాను. మిల్లులో తవుడు లెక్క రాసినవాణ్ణి, ఇంత తవుడు లెక్క నేనెప్పుడూ రాయలేదు.

7. పేరు మార్పించుకోమన్నారు. మార్చుకోవడానికి చేయవలసినవన్నీ చేశాను. సర్పంచి గారిని అడిగితే, "శవాల బండి నా పేరునా? మా ఆవిడ గుమ్మం ఎక్కనిస్తాదేంటండీ?" అన్నారు. తోటి ముసలివాళ్ళను అడిగితే, "నాదీ పింఛనేగా మావయ్యా" అని చేతులు జోడించారు. పంచాయతీకి రాసిస్తామంటే దానికి పద్దు లేదన్నారు. సంఘం పెట్టుకుని రిజిస్టరు చేయించుకోమన్నారు. అధ్యక్షుడు పై వీధివాడా కింద వీధివాడా అన్న దగ్గర అది ఆగింది, ఈ జన్మకి కదలదు. ఆఖరికి వీరవెంకటరమణ కువైట్ నుంచి, "అమ్మేయండి మావయ్యా, మీ తిండి కంటే ఎక్కువా" అని ఏడ్చాడు. మనసు రాయి చేసుకుని బేరం పెట్టాను. వచ్చినాయన లోపలికి తొంగి చూసి, మా నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు.

8. మూడో అర్జీ ఇచ్చిన వారానికి ఫోనుకి సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడినది." వెంటనే ఒక ఆడగొంతు ఫోను చేసి, తృప్తి చెందితే ఒకటి, చెందకపోతే రెండు నొక్కమంది. రెండు నొక్కాను. ఫోను కట్టైపోయింది. మళ్ళీ రాలేదు.

9. మొన్న వృద్ధుల దినోత్సవం నాడు తమరు మండలం ముసలివాళ్ళందరినీ పిలిపించి సభ చేశారు. నా భుజాన శాలువా కప్పి "సంఘసేవకులు" అన్నారు. తరువాత బ్యాంకులో వృద్ధులకు అదనపు వడ్డీ గురించీ, ఆదాయపు పన్నులో వృద్ధులకు ఉన్న రాయితీల గురించీ చాలా సేపు చెప్పారు. నా పక్కన కూర్చున్న బుచ్చమ్మ, "మనకి పన్నెప్పుడేశారయ్యా?" అని అడిగింది. పన్ను కట్టేంత ఉన్న ముసలివాడికి రాయితీ ఇస్తున్నారు. ఏమీ లేని ముసలివాడికి ఉన్నది కోస్తున్నారు. శాలువా బాగుంది, కాని దానిని మందుల షాపువాడు తీసుకోడు.

10. చిన్నమ్మలుకి బీపీ. రోజూ వేసుకోవలసిన మాత్రని రోజు విడిచి రోజు వేసుకుంటోంది. నాకు తెలియకుండా చేస్తోంది. మొన్న పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడితే అప్పుడు బయటపడింది. తిట్టాను. "మీరు గుండె మాత్ర మానేశారుగా, నాకు తెలీదనుకున్నారా?" అంది. ఇంతకంటే రాయను. ఇది తమరు చదవవలసిన అర్జీయే గాని మా కాపురం కాదు.

11. తమరు తిరిగే జీపు తమ పేరున లేదు. అది ప్రభుత్వానిది, పని కోసం తమ చేతికిచ్చారు. ఆ సంగతి తమకు తెలుసు గనుక జీపు ఉన్నదని తమ జీతం ఎవరూ ఆపలేదు. ఊరిది, పని కోసం నా చేతికిచ్చారు అంటే మాత్రం తమకు అర్థం కావడం లేదు. మూడుసార్లు మర్యాదగా రాశాను. ఇక నా వల్ల కాదు.

కావున, ఈ నాలుగో అర్జీతో వైకుంఠ రథం తాళాలు జతపరచడమైనది. బండిని ఈ ఉదయం గంగరాజు చేత తమ కార్యాలయ ఆవరణలో, తమ జీపు పక్కనే పెట్టించడమైనది. కడిగించే పెట్టాం. ఇక నా స్వాధీనమందు ఏ వాహనమూ లేదు. కొండలరావు గారిని పంపి ఇంకొక ఫొటో తీయించుకోవచ్చు. నా పింఛను బకాయితో సహా ఇప్పించవలెను. చిన్నమ్మలు మళ్ళీ పడకముందే ఇప్పించవలెను. ఇకనైనా చిత్తగించవలెను.

విధేయత ఇంకా మిగిలి ఉన్నంత మేరకు,
తమ విధేయుడు,
మట్టపర్తి రాఘవులు

తా.క. బండి వెనక ఉన్న నా ఫోను నంబరు చెరిపించి, తమ కార్యాలయం బోర్డు మీద ఉన్న తమరి నంబరు రాయించాను. ఇక మా ఊళ్ళో ఎవరు పోయినా తమకే ఫోను చేస్తారు. వేళాపాళా ఉండదండీ, తెల్లవారుజామునే ఎక్కువ వస్తాయి. గంగరాజుకి ఒక్క మాట చెబితే చాలు, ఎక్కడున్నా వస్తాడు. ఫోను ఎత్తగానే పేరేంటి, ఊరేంటి అని అడగకండి బాబూ. కాసేపు ఏడవనివ్వండి. తరువాత వాళ్ళే చెబుతారు.