ఏడు వేల వంకర చుట్లు

హనుమకొండ,
సోమవారం

గౌరవనీయులైన సదానందం గారికి,

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఉదయ్ నమస్కరించి, మిక్కిలి బాధతో రాయునది.

"నోటితో అరవద్దు, కంప్లెయింట్ కాగితం మీద రాయండి" అని మీ మోటార్ వైండింగ్ షాపు గోడ మీద ఉంది. నాకు రాయడం ఇష్టం. అందుకే అరవకుండా రాస్తున్నాను.

నా ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జి పికప్ మూగబోయింది. గిటార్ తీగలు చివర ఆనే చోట, వాటి కింద ఉండే చిన్న అయస్కాంతాల డబ్బా అది. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ ఏడు వేల చుట్లు ఉంటుంది. మోతను పట్టి స్పీకరుకు పంపేది అదే. కొత్తది కొందామని నెల రోజులు నలభై రకాలు విన్నాను. అన్నీ కడిగిన గిన్నెల్లా మోగాయి. నాకు కావలసింది పాతకాలం గొంతు. అందుకే "పాత పద్ధతిలో చేత్తో చుట్టండి" అని మీకిచ్చాను. మీరేమో దువ్విన జుట్టులా వరుసగా చుట్టారు. ఇది అన్యాయం.

శనివారం కాజీపేటలో బ్యాండ్ల పోటీ. ఈసారి కూడా ఓడితే మా డ్రమ్మర్ శ్రీలత బ్యాండ్ వదిలి గ్రూప్స్ కోచింగ్‌లో చేరిపోతానంది. ఆమె లేకపోతే బ్యాండ్ లేదు.

భవదీయుడు,
ఉదయ్

తా.క.: పైన వార్నిష్ పూశారు. ఎవరు పూయమన్నారు?

కాశిబుగ్గ,
మంగళవారం

తమ్ముడు ఉదయ్‌కు సదానందం రాయునది.

నీ కాగితం రెండుసార్లు చదివిన. వరుసగ చుట్టుడు తప్పన్న మనిషిని ఇరవై ఆరేండ్లల్ల నిన్నే చూస్తాన. కేసముద్రం మిల్లుల మోటార్లు నా చేతియే. ఒక్కటి వాపస్ రాలే. నువ్వు పాత పద్ధతి అన్నవు. పాత పద్ధతి అంటే గట్టి పని. ఒక్క చుట్టు పక్కకు జరిగితే మా ఉస్తాద్ చెంప మీద కొట్టేటోడు. ఆ చెంపతోని నేర్సుకున్న పని ఇది. వార్నిష్ పైసలు తీస్కోకుంట ఊకెనే పూసిన, వానల తడిసినా కాలొద్దని.

ఇట్లు,
సదానందం

తా.క.: నీ మోటార్ల తిరిగేది ఏదీ లేదు. తిరగనిదానికి వైండింగ్ ఎందుకో జర రాయి.

హనుమకొండ,
బుధవారం

సదానందం గారికి,

అది మోటారు కాదు. అది తిరగదు. తిరగకూడదు.

నేను చదివినంతలో, ఆ రోజుల్లో పికప్‌లు చుట్టినవాళ్లు తీగను వేళ్ల మధ్య పట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ చుట్టేవారట. చుట్లు అడ్డదిడ్డంగా పడేవి. ఆ సందుల్లోంచే గొంతుకు గాలి ఆడుతుంది. మీరు సందు లేకుండా చేశారు. మీ పికప్ పెట్టి వాయిస్తే శ్రీలత ఏమందో తెలుసా? "పాట వాయిస్తానవా, బస్టాండ్ల అనౌన్స్‌మెంట్ చేస్తానవా?" అంది. నా మనసు చివుక్కుమంది. 'చివుక్కు' ఎంత సరైన మాటో అప్పుడు తెలిసింది.

పికప్ తిరిగి పంపుతున్నాను. అయ్యా, చేతులు జోడించి అడుగుతున్నాను. దీన్ని చెడగొట్టి చుట్టండి.

ఇట్లు,
ఉదయ్

తా.క.: చెడగొట్టడం మీకు రాకపోతే ఆ మాట కాగితం మీద రాసివ్వండి.

కాశిబుగ్గ,
గురువారం

శ్రీయుత ఉదయ్ గారికి,

"సదానందంకు రాదు" అనే మాట ఏ కాగితం మీదికి ఎక్కదు. నిన్న మూడుసార్లు చుట్టిన. కండ్లు మూసుకొని చుట్టిన. టీవీల క్రికెట్ చూసుకుంట చుట్టిన. చెయ్యి ఇంటలేదు, వరుసనే వస్తాంది. అన్నం తినబుద్ధి కాలే. ఆఖరికి ఇంకొకరి చేతితోని చుట్టించిన. ఎవరని అడగద్దు. రేపు తీస్కపోండ్రి.

సదానందం

తా.క.: ఇది నా షాపుల పుట్టిందని ఎవరికీ చెప్పద్దు. మిల్లులోళ్లు వింటే నా బతుకు ఆగమైతది.

హనుమకొండ,
ఆదివారం

పూజ్యులైన సదానందం కాకాకు,

సాష్టాంగపడి రాయునది. గెలిచాం. మొదటి తీగ మీటగానే హాల్లో ఫోన్లు చూసుకునేవాళ్లు తలలెత్తారు. శ్రీలత ఇంటికి పోతూ "రేపు ప్రాక్టీస్ ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది. అంతకన్నా ఏం కావాలి?

ఇంటికొచ్చి పికప్ కవరు విప్పి భూతద్దంతో చూశాను. ఏమి వంకర కాకా. ఏ చుట్టూ పక్కచుట్టును పలకరించదు. ఒక మూల ఉండ కట్టి మరీ ఉంది. ఆ చేయి ఎవరిదో గానీ దానికి దండం.

మీ ఉదయ్

తా.క.: మీరు వద్దన్నారు గానీ నోరాగక మైకులో చెప్పేశాను. "వరంగల్ మొత్తంలో ఇంత వంకరగా చుట్టే చేయి కాశిబుగ్గ సదానందం కాకా షాపులోనే ఉంది" అన్నాను. లోకల్ ఛానల్లో ఈ రోజు రెండుసార్లు వేశారు.

కాశిబుగ్గ,
మంగళవారం

బిడ్డా ఉదయ్,

సదానందం తల్లి మొగిలమ్మ చెప్పంగ మనుమరాలు నవ్య రాస్తాంది.

యాభై ఏండ్లు ఈ కాశిబుగ్గ మగ్గాలకు రాట్నం మీద కండెలు చుట్టిన. నా కండెకు వంక పెట్టిన నేత సాలాయన లేడు. మొన్న కొడుకు తీగ తెచ్చి "అవ్వా, జర ఇది చుట్టు" అంటే, ఇన్నేండ్లకు నా పని యాదికొచ్చిందని సంబురపడి చుట్టిన. నువ్వేమో టీవీల వంకర అంటివి. రెండుసార్లు అంటివి. పక్కింటి సోమక్క వచ్చి పరామర్శ చేసిపోయింది.

ఇను బిడ్డా. తప్పు నా చేతిది కాదు, కంటిది. శుక్లం ఉండె. శుక్రవారం దవాఖానల తీసిండ్రు. ఇయ్యాల సూదిల దారం నేనే ఎక్కిచ్చిన. ఆ డబ్బ విప్పు. దువ్విన జుట్టు లెక్క మళ్ల చుట్టి ఇస్త. నా పేరు మీద వంకర ఉండద్దు.

దీవెనలతో,
మొగిలమ్మ

తా.క.: తమ్మీ, ఇది రాసేది నేను, సదానందంను. అవ్వకు చదువు రాదు గనుక ధైర్యంగ రాస్తాన. ఈ కాగితం నీ చేతికిచ్చింది ఆమెనే. రాట్నం కదురు ఆమె సంచిల ఉన్నది. డబ్బ ఇప్పుడే విప్పకు. కూసోబెట్టి మంచినీళ్లియ్యి, ముందుగాల గిటార్ వాయించు. అవ్వకు పాడైంది కన్నే. చెవులు ఎన్నడూ పాడు కాలే.