పదిహేడో సెన్సార్ విన్నది

మార్చి 9

పదిహేడో సెన్సార్ మళ్లీ ఎర్రగా వెలిగింది. దుమ్ముగూడెం దాటాక అడవిలోంచి పోయే మంచినీళ్ల మెయిన్ లైన్ మీద ఉందది. భూమిలో పైపు ఎక్కడ కారినా అక్కడ సన్నని రొద పుడుతుంది. ఆ రొద ఇనుము వెంట నడుస్తుంది. సెన్సార్ దాన్ని వింటుంది. విన్నదానికి మూడు పేర్లలో ఒకటి పెట్టడం కంప్యూటర్‌లోని ఏఐ మోడల్ పని: లీక్, వాడకం, నాయిస్. ఆ మూడూ దానికి నేర్పింది నేనే, ఒక్కో రికార్డింగ్ చెవులతో విని. ఎం.టెక్ చదివి, నలభై దాటాక, రొదలకు పేర్లు పెట్టే ఉద్యోగం.

పైలట్ ప్రాజెక్టులో ఇదే మొదటి పెద్ద లీక్ అని మా మేనేజర్ శ్రీధర్ స్వీట్లు తెప్పించాడు. నాకే అనుమానం. లీక్ అయితే రొద రోజంతా ఒకేలా ఉండాలి. ఇది పొద్దున, సాయంత్రం పెరుగుతోంది. వంట వేళలకు.

మార్చి 12

వెళ్లి చూశాను. లీక్ కాదు. పైపు గుట్ట ఎక్కే చోట, లోపలి గాలి పోవడానికి పెట్టిన వాల్వ్ అది. బోల్టు ఎవరో వదులు చేశారు. కింద బిందెలు వరుసగా ఉన్నాయి. పక్కనే కోయల గుంపు, కాసిని ఇళ్లు.

చిన్నక్క అనే ఆవిడ నన్ను చూసి జంకలేదు. బిందె నిండేదాకా ఆగమంది. ఆ తర్వాత అందుకుంది. వాగు ఎండింది, చెలమ తోడితే బురదొస్తుంది, మా కాళ్ల కిందికెల్లి నీళ్లు పోతున్నయ్, మాకు ఒక్క నల్లా లేదు, ఏందిది అని. అడవి భూమి కదా, నల్లాకు పర్మిషన్ లేదన్నాను. పైపు ఏసేటప్పుడు దొరికిన పర్మిషన్ నల్లాకెందుకు దొరకదమ్మా అంది. నేను బ్యాగు జిప్పు సర్దుకున్నాను.

నీది ఏ ఊరని అడిగింది. కుసుమంచి దగ్గర తండా అన్నాను. ఓహో, తండా బిడ్డవా, మీకు కొలువులు, మాకు పెట్టెలా అని సెన్సార్ వైపు గడ్డం చూపింది. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఆ పెట్టె మా మాటలు గూడ ఇంటదా అంది. మాటలు వినదు, నీళ్ల చప్పుడే వింటుందన్నాను. సులువుగా చెప్పానని అనుకున్నాను కూడా.

మార్చి 13

పదిహేడు మీద లీక్ తీసేసి వాడకం అని పెట్టాను.

మార్చి 15

శ్రీధర్ పిలిచాడు. అక్కడ వాడేటోళ్లు ఎవరు మేడం, లిస్టుల ఊరే లేదు గదా అన్నాడు. ఉన్నారు, చూసొచ్చానన్నాను. మీరు చూస్తే కాదు మేడం, సిస్టమ్ చూడాలె అన్నాడు. అంటే రికార్డులో మనుషులు లేని చోట ఎవరైనా నీళ్లు తాగితే దాని పేరు లీక్.

తర్వాత మెత్తబడ్డాడు. వాడకం అని రాస్తే ఎవ్వరూ రారు, లీక్ అని రాయండి, పెద్ద సార్లు స్పాట్‌కొస్తరు, బిందెలు కండ్లతో చూస్తరు, నల్లా వాళ్లే సాంక్షన్ చేస్తరు అని. అందులో లాజిక్ ఉంది. లాజిక్ ఉన్న మాటలకు నేను ఎప్పుడూ లొంగుతాను.

మార్చి 16

లీక్.

మార్చి 22

నల్లా రావచ్చని గుంపులో చెప్పాను. రావచ్చు అన్నాను, వస్తుంది అనలేదు. ఇంటికొచ్చాక ఆ తేడాను పట్టుకుని వేలాడుతున్నాను.

చిన్నక్కకు నా జాగ్రత్తలు పట్టలేదు. రా చూపిస్తానని వాల్వ్ దగ్గరికి లాక్కెళ్లింది. బోల్టుకు నీలం చీర పేలిక కట్టి, కొస బిందెలోకి వదిలారు. నీళ్లు పేలిక వెంట జారుతున్నాయి, చుక్క చప్పుడు లేదు. ఆడవాళ్లు సైగలతోనే బిందెలు మారుస్తున్నారు. ఇగ నీ పెట్టెకు మేం ఇనబడం అని చిన్నక్క నా చెవిలో చెప్పింది. పోరగాళ్లను గూడ ఇటు రానిస్తలేమంది.

పెట్టె వినేది బిందెలో పడే చప్పుడు కాదు. బోల్టు సందులో నీళ్లు ఇనుమును ఒరుసుకునే రొద. ఎన్ని చీరలు కట్టినా అది ఆగదు. చెబుదామని నోరు తెరిచాను. వాళ్ల ముఖాల్లో గెలిచిన సంబరం చూసి మూసుకున్నాను. అప్పుడు జాలి అనుకున్నాను. రాస్తుంటే పిరికితనంలా కనబడుతోంది.

ఏప్రిల్ 4

పెద్ద సార్లు రాలేదు. రిపేర్ గ్యాంగ్ వచ్చిపోయింది. బోల్టుకు వెల్డింగ్ కొట్టి, వాల్వ్ గుంత మీద కాంక్రీటు పోశారట. శ్రీధర్ గ్రూపులో ఫోటో పెట్టాడు. కాంక్రీటు అంచున నీలం పేలిక ఇరుక్కుని ఉంది. ఫోటో కింద అందరూ చప్పట్ల బొమ్మలు. ఒకటి నాది.

ఏప్రిల్ 6

నల్లా సంగతి అడిగాను. ఇప్పుడు లీకే లేదు గదా మేడం, సార్లు దేనికొస్తరు అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నేనే ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టబోయాను. ఊరు ఎంచుకోమంది. ఎంచుకోవడానికి ఆ గుంపు లేదు.

ఏప్రిల్ 19

ఇన్నాళ్లకు వెళ్లాను. ఎండ చూసి, పని చూసి, అన్నీ చూసి.

చిన్నక్క వాగులో చెలమ ముందు కూర్చుని చిప్పతో తోడుతోంది. బిందె మూతికి గుడ్డ కట్టింది, ఒండ్రు దిగకుండా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. అంతా దుర్గ వల్లనే అయింది మేడం అంది. దుర్గ ఆమె కోడలు. గ్యాంగ్ రావడానికి ముందు రోజు బిందె చెయ్యి జారి బండ మీద పడిందట. అంత చప్పుడు పెట్టె ఇనకుంటదా, అన్ని ఇండ్లకు నీళ్లు లేకుండ చేసింది అని. అప్పటి నుంచి గుంపులో ఆ పిల్లతో ఎవరూ మాట్లాడడం లేదట. దుర్గ కాస్త దూరంలో, వేరే చెలమ ఒక్కతే తవ్వుకుంటోంది.

చెప్పేశాను. దుర్గ చేసిందేమీ లేదు, పెట్టె ఇనుము లోపలిది వింటుంది, పేలిక కట్టినా విన్నది, మొదటి రోజు నుంచీ విన్నది అని.

చిన్నక్క చిప్ప కింద పెట్టింది. పేలిక జూపించిన నాడే నీకెరికేనా అంది.

అవ్ అన్నాను.

బిందె సగమే నిండింది. ఎత్తుకుని, దుర్గ దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుంది. నా వైపు మళ్లీ చూడలేదు.

ఏప్రిల్ 27, పొద్దున

పదిహేడులో కొత్త శబ్దం. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. కాంక్రీటు మీద రాయితో కొడుతున్నారు. ఆగుతున్నారు. మళ్లీ కొడుతున్నారు. మాటలు వినదని చెప్పింది నేనే కదా.

మోడల్ క్షణం తటపటాయించలేదు. నాయిస్ అంది, నేర్పినట్టే.