కోడలు చూపించిన పాదాలు

చిరంజీవి చిన్నవాడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ కోడలూ క్షేమం, నా మోకాలు కూడా కాస్త మాట వింటోంది. నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను.

కోడలికి నచ్చజెప్పానా, ఉద్యోగం మానేసి నీ దగ్గరికి వచ్చేస్తానందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. ఇంట్లో కదిపితే టీ ఇచ్చి మాట మార్చేస్తోందని, మొన్న నేరుగా తన ప్రయోగశాలకే వెళ్లాను.

గోడ పొడవునా వెచ్చని పెట్టెల్లో కోడిగుడ్లు. ఈ గుడ్ల కోసమా మొగుణ్ని వదిలి ఉండడం అని దెప్పాను. కోడలు నొచ్చుకోలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద ఒక ఫొటో చూపించింది. గుడ్డులో పెరిగే పిల్ల మూత్రపిండంలోని కణమట, వేల రెట్లు పెద్దది చేసి తీశారు.

మొదట్లో ఈ కణాలు ఇటుకల్లా వరసగా అంటుకుని ఉంటాయి. సన్నని రక్తనాళం దగ్గరికి పెరిగి రాగానే ఒక్కొక్కటీ ఒళ్లు విరుచుకుని చేతులు చాస్తుంది. ఆ చేతులకు మళ్లీ బుల్లి పాదాలు! వాటితో నాళాన్ని వాటేసుకుని, పొరుగు కణం పాదాల మధ్య తన పాదాలు దూరుస్తుంది. మిగిలిన సందుల్లోంచి నీరూ మలినమూ దిగిపోతాయి, రక్తకణాలు మాత్రం దాటలేవు. పిల్ల ఇంకా గుడ్డు దాటి రానేలేదు, లోపల జల్లెడ సిద్ధం. ఇన్నేళ్లూ కోడిని కోసి వండానే గాని, ఇంత పనితనం ఉందని ఎరగను. నోరు వెళ్లబెట్టి చూశానురా.

పాదం ఎక్కడ ఆగాలో దానికెవరు చెబుతారని అడిగాను. కోడలి మొహం వెలిగిపోయింది.

"అది ఇంకా పూర్తిగా తేలలేదు అత్తయ్యా. నేను వెతుకుతున్నది అదే."

"మరి మానేస్తే?"

"మీ అబ్బాయి దగ్గరికి వెళ్తాను. కానీ సగం మనిషినే వెళ్తాను."

నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. అంత మనిషిని తగ్గించి తీసుకురమ్మని కదా నన్ను పంపావు.

ఇక ఇంతసేపూ దాచిన సంగతి. తను ఒప్పుకున్నాక ఇవ్వమని నువ్వు నా చేతికిచ్చిన టికెట్ రద్దు చేయించాను. బదులుగా నీకే ఇటువైపు టికెట్ తీశాను. నీ పని ఏ ఊళ్లోనైనా దొరుకుతుందని గొప్పలు పోయేవాడివిగా, ఈ ఊళ్లోనూ దొరుకుతుంది. కోపమొస్తే వచ్చి పోట్లాడు.

రాగానే ముందు ఆ ఫొటో చూడు. చూశాక కూడా మానేయమనడానికి నోరొస్తే నువ్వే చెప్పు. నేను మాత్రం చెప్పను.

ఇట్లు,
నీ పని చెడగొట్టిన
అమ్మ