లూగో గోడ మీద మా బావమరిది

2006 మార్చి 4, లా కొరూనా రేవు, స్పెయిన్

ఇంజను విడిభాగం ఇంకా రాలేదు. ఓడ కదలదు. వాన ఆగదు. ధర్మ ఈరోజూ పనిలోకి రాలేదు, పడక మీదే ఉన్నాడు. రేవులో కట్టేసిన ఓడలో కూడా వాడికి కడుపులో తిప్పుతుందట! బారువలో తెప్ప మీద, అలల్లో పెరిగినవాడు... వాళ్ళక్క పోరు పడలేక నా పూచీ మీద ఓడెక్కించాను. నా పెళ్ళాం పార్వతి తమ్ముడు కాకపోతే ఎప్పుడో తిట్టిపోసేవాణ్ణి.

మార్చి 5

తిట్టాను. దుప్పటి ముసుగు పెట్టాడు.

మార్చి 7

నావికుల క్లబ్బు వాళ్ళు రేపు వ్యానులో లూగో అనే ఊరు చూపిస్తారట. రోమన్లు కట్టిన కోటగోడ, ఊరి చుట్టూ ఇప్పటికీ చెక్కుచెదరలేదట. నాకు బట్టలు ఉతుక్కునే పనుంది. ధర్మ మాత్రం లేచి కూర్చున్నాడు — "నేల మీద ఊరే కదా బావా? ఎల్దుము."

సరే. ఏడవనీ.

మార్చి 8

గోడ గొప్పదే. పైన బండి తోలొచ్చు, అంత వెడల్పు. ఆ ఊరివాళ్ళు దాని మీద కుక్కల్ని తిప్పుకుంటున్నారు. ముసలమ్మలు గొడుగులేసుకుని కబుర్లు.

ఓ బురుజు దగ్గర వెనక్కి తిరిగితే ధర్మ లేడు. ఒళ్ళు మండింది. గోడ వెంట నడిచి నడిచి బయల్దేరిన చోటికే వచ్చాను. గుండ్రటి గోడ! వాడు ముందున్నాడో, వెనకున్నాడో ఎలా తెలుస్తుంది? మళ్ళీ తిరిగాను. వ్యాను వెళ్ళే వేళైంది. పారిపోయాడు, నా ఉద్యోగమూ పోయింది — అనుకుంటూ మెట్లు దిగితే... కింద గోడకి మరమ్మతు చేస్తున్న మేస్త్రీలకు పలకరాళ్ళు అందిస్తున్నాడు! నవ్వుతున్నాడు. ఓడెక్కాక వాడి నవ్వు చూడ్డం అదే మొదలు.

"ఏట్రా ఇది?"

"ఈ అన్నది బంగ్లాదేశ్ బావా. ఇందీ వొచ్చు." గుజరాత్‌లో, వీరావల్ చేపల బోట్లలో వీడు నేర్చిన హిందీ ఇక్కడ అక్కరకొచ్చింది! "పనుందంట. నానిక్కడ దిగిపోతాను."

"కాగితాల్లేకుండానా? పోలీసులు ఒగ్గెత్తారా? కెప్టెనుకి నానేటి సెప్పాలి?"

"తెప్ప మీద గాలుంటాది బావా. ఆ ఇనప్పెట్లో సచ్చిపోతాను."

రెక్క పట్టుకుని వ్యానెక్కించాను. దారంతా కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

మార్చి 9

ఇంటికి ఫోను చేశాను. పార్వతి ఎంత తేలిగ్గా అనేసిందో — "ఆడికి పడకపోతే పంపీ మావా." అక్కడికి నేనే కట్టిపడేసినట్టు!

కెప్టెన్ని అడిగాను. బదులు మనిషి దొరకాలన్నాడు. ఎప్పటికి?

మార్చి 10

ధర్మ కడుపునిండా అన్నం తిన్నాడు. పని కూడా చేశాడు. నాకు భయంగా ఉంది.

మార్చి 11

విడిభాగం వచ్చింది. బిగించేశారు. రేపు పొద్దున్నే బయల్దేరుతాం.

మధ్యాహ్నం ధర్మ తల దువ్వుకుని వచ్చాడు. "అక్కకి ఫోను సేసి వొచ్చెత్తాను బావా."

నేనూ వస్తానన్నాను.

"నానేటి, సిన్నపిల్లోన్నా?"

విసుగెత్తిపోయింది — వీణ్ణి కాపలా కాయలేక, వాళ్ళక్కకి జవాబు చెప్పలేక. "పో" అన్నాను. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి నా చలికోటు ఇచ్చాను. ఎందుకిచ్చానో...

రేవులో దీపాలు వెలిగాయి. ఓడ మెట్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. గేటు దాటి వస్తున్న ప్రతివాడి నడకా చూస్తున్నాను.

వీడు కాదు... వీడూ కాదు.