నాలుగు మూలల దురద

వదినగారికి మరదలి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, మీ తమ్ముడి ఛాతీ తప్ప. ఆరు నెలలుగా ఎడమవైపు ఒకటే దురద. ఒక చెయ్యి బస్సు స్టీరింగు మీద, ఇంకో చెయ్యి చొక్కాలో. చర్మం డాక్టరు చూసి ఎగ్జిమా అన్నారు. మచ్చకి నాలుగు మూలలుండటం మాత్రం తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదట. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనాలు కొందరి ఒంటికి పడకపోవచ్చట. ఖాయంగా చెప్పలేను, కొన్నాళ్లు దూరం పెట్టి చూడండి అన్నారు.

మా ఇంట్లో ప్లాస్టిక్ అంటే మీ దుకాణం సామానే కదా. బకెట్లు, డబ్బాలు, కుర్చీలు అన్నీ మేడ మీదికి చేర్చాను. మరోలా అనుకోకండి.

గోకుడు చూడలేక,
మీ మరదలు

తా.క. మీరిచ్చిన దువ్వెన కూడా పైకెక్కింది. దాన్ని చూసి ఆయన నిట్టూర్చారు, నెత్తిన జుట్టు లేకపోయినా.

*

మరదలికి వదిన రాస్తున్నది.

ఇరవై రెండేళ్లుగా ప్లాస్టిక్ సామాన్ల మధ్యే కూర్చుంటున్నాను. నాకు రాని దురద వాడికెలా వచ్చింది? నీ బట్టల సబ్బు సంగతి డాక్టరుకి చెప్పావా? చిన్నప్పుడు చీమ కుట్టినా వాడు ముందు నాకే చూపించేవాడు. ఇప్పుడు ఆరు నెలల మచ్చ గురించి నువ్వు రాస్తే నాకు తెలియాలా? వాడి చేత నాలుగు ముక్కలు రాయించు.

మనసు నొచ్చుకున్న
నీ వదిన

తా.క. వానకి తడవకుండా ఎప్పటిలాగే ఉత్తరాన్ని దుకాణంలోని మెత్తని కవరులో పెట్టాను. ఈసారి పెద్ద సైజు.

*

వదినగారికి,

సబ్బు మార్చాను. ఇప్పుడు ఇంట్లో అంతా స్టీలే. పొద్దున్నే నేను బకెట్టు కింద పెడితే వీధంతా లేస్తోంది. అయినా మచ్చ నాలుగు వైపులా రెండేసి వేళ్ల మేర పెరిగింది. డాక్టరు స్కేలు పెట్టి కొలిచి, ఒక లావుపాటి పుస్తకం తీసి, కాసేపు చూసి మూసేశారు.

మీకు రాయమంటే, "అక్కకి నేనేం రాస్తాను, నాకు చేతకాదు" అంటూ చొక్కా సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

తల పట్టుకున్న
మీ మరదలు

తా.క. మా మేడ చూసి ఎదురింటావిడ మీ దుకాణం బ్రాంచి పెట్టామనుకుంది. మూడు మగ్గులు కావాలట.

*

మరదలికి,

చూశావా. సామాను మేడెక్కాక కూడా పెరిగిందంటే తప్పు నా సామానుది కాదనేగా. రెండు ముక్కలు రాయడానికి వాడికి చెయ్యి రాలేదంటే నేను వాడికి అక్కర్లేదనేగా. నా బకెట్లు కిందికి దిగేదాకా కలం పట్టను. ఇదే ఆఖరి ఉత్తరం.

ఇక సెలవు,
వదిన

తా.క. ఆఖరిది కదా, పదిలంగా ఉంటుందని రెండు కవర్లు తొడిగాను.

మళ్లీ తా.క. మగ్గులు ఏ రంగువి కావాలట?

*

వదినగారికి,

దొంగ దొరికాడు.

నిన్న ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోతే డిపోకి తీసుకెళ్లాను. ఖాళీ బస్సులో ఒక్కరే కూర్చుని మీ ఉత్తరం చదువుకుంటున్నారు. చదివి, మడిచి, కవర్లో పెట్టి బనియను లోపలికి తోశారు. ఆరు నెలల కిందట మీరు ఊరు మారినప్పటి నుంచీ ఇదే వరసట. కొత్త ఉత్తరం వచ్చేదాకా పాతది అక్కడే. ఇంటికొచ్చే ముందు సీటు కింద దాచేస్తారు, నేను నవ్వుతానని.

స్కేలు పెట్టి చూశాను. మీ పెద్ద సైజు కవరూ మచ్చా మూలకి మూల సరిపోయాయి. డాక్టరుకి చూపిస్తే, కవర్లోని రసాయనం కావచ్చు, దాని కింద పట్టిన చెమట కావచ్చు, ముందు తీసెయ్యమన్నారు. బకెట్లు కిందికి దించేశాను. వాటిని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

నేను నవ్వలేదు వదినా. ఆఖరి ఉత్తరమన్న ముక్క దగ్గర కాగితం తడిసి ఉంది. అంత పెద్ద మనిషి.

తప్పు ఒప్పుకున్న
మీ మరదలు

తా.క. ఆఖరిది కాబట్టి కవరుతో సహా దాచుకుంటానంటున్నారు, ఒంటి మీంచి తియ్యనివ్వడం లేదు. కొత్తది వస్తేనే ఇది బయటికొస్తుంది. దయచేసి వెంటనే రాయండి, ఉత్తి కాగితం మీద. మగ్గులు నీలంరంగువట.