నేను తోలితేనే కుదుపు

11 ఏప్రిల్ 1983, సోమవారం

మళ్ళీ కుదిపింది. స్టాండు నుంచి బయల్దేరి ఫస్ట్ నుంచి సెకండ్‌కు మార్చగానే కారు ముందుకు గెంతింది. మద్రాసు పార్టీలో పెద్దాయన తల నా సీటుకు కొట్టుకుంది. ఆయన తమిళంలో ఏదో అన్నాడు. నాకు తమిళం బాగానే వచ్చు, ఇక్కడ మాత్రం రాయను.

పద్దెనిమిదేళ్ళుగా కొండ మీదికి టాక్సీ తోలుతున్నాను. ఘాట్ రోడ్డులో వరదయ్య గేరు మారిస్తే నిద్రపోయే పిల్లలు కూడా లేవరని తిరుపతిలో పేరు. ఆ పేరు మీదే నా ఇల్లు నడుస్తోంది.

14 ఏప్రిల్

ప్రేమానందం షెడ్డులో పెట్టాను. కారు కొన్నప్పటి నుంచీ అతనే మెకానిక్. క్లచ్ ప్లేటు అరిగిందని కొత్తది వేశాడు. ఇంజన్ మౌంటింగులు కూడా మార్చాడు. ఇంక పెండ్లికూతురు మాదిరి నడుస్తాది పోప్పా అన్నాడు.

15 ఏప్రిల్

కుదిపింది.

19 ఏప్రిల్, మధ్యాహ్నం

స్టీరింగు నాకియ్యి, నేను సూస్తా అన్నాడు ప్రేమానందం. అలిపిరి దాకా పోయి వచ్చాం. ఎప్పుడు గేరు మార్చాడో కూడా తెలియలేదు. వెనక్కి వచ్చి నేను కూర్చున్నాను. షెడ్డు గేటు దాటకముందే గెంతింది.

బండికి నీ మీద ఏమన్నా కోపముండాదా అబ్బా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను లోపలికి పోయాక బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఇంజన్ ఆపే ఉంది. అయినా లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టనిపించింది. భయమేసింది. నా డైరీలో నేను దాచుకోవడం ఎందుకు?

22 ఏప్రిల్

పంకజాక్షికి తెలిసిపోయింది. మొగుడి మొహం చూసే కనిపెట్టింది. స్టాండులో ఎవురి కన్నో పడిందని గుమ్మడికాయ కొట్టించింది, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. ఆ నిమ్మకాయలు తొక్కించబోతే కూడా కుదిపింది.

27 ఏప్రిల్



సత్యవేడు పార్టీ. ఆనందమ్మ అని ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు, పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పసిబిడ్డ. పెద్ద మలుపులో థర్డ్ నుంచి సెకండ్‌కు మార్చబోయాను. పళ్ళు కొరికిన చప్పుడు. గేరు పడలేదు. కారు వెనక్కి జారింది. అద్దంలో పిట్టగోడ దగ్గరికి వస్తోంది, దాని వెనక అంతా ఖాళీ. హ్యాండ్‌బ్రేకు ఎలా లాగానో గుర్తు లేదు. ఏం కాలేదులే తల్లీ అన్నాను.

పైన ఒంటిగంట ఎండ. మాడవీధి రాయి పెనంలా కాలుతోంది. చెప్పుల్లేని జనం కాళ్ళెత్తి ఎగురుతూ నీడకు పరుగెత్తుతున్నారు. కోడలు నడవలేకపోతే బిడ్డను నేను ఎత్తుకుని మెల్లగా నడిచాను. కుడికాలికి కాస్త చురుక్కుమంది. ఎడమకాలికి అదీ లేదు, చల్లగా ఉంది.

ఏం పుణ్యం చేసుకోనుండావో నాయనా, స్వామి నీ కాళ్ళ కింద నీళ్ళు పోసినాడు అని ఆనందమ్మ నడివీధిలో నా కాళ్ళకు మొక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు గోవిందా అన్నారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కారుకు ఏం పట్టినా పట్టనీ, స్వామి నా పక్కన ఉన్నాడు. నిజం చెప్పాలంటే గర్వంగా కూడా ఉంది.

2 మే

ప్రేమానందం పక్క సీట్లో కూర్చుని నన్ను తోలమన్నాడు. ఇంజన్ చప్పుడు వినలేదు, గేర్ రాడ్ చూడలేదు. వంగి నా కాళ్ళ దగ్గర చూస్తూ కూర్చున్నాడు. నాలుగుసార్లు గేర్లు మార్పించాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వడం మానేశాడు.

బండి ఆపమన్నాడు. కండ్లు రోడ్డు మిందే పెట్టి క్లచ్ తొక్కు అన్నాడు. తొక్కాను. గట్టిగా తొక్కినావా అన్నాడు. తొక్కినాను అన్నాను. ఇప్పుడు కిందికి సూడు అన్నాడు.

నా పాదం పెడల్ పక్కన ఉత్త మ్యాటును నొక్కుతోంది.

చెప్పు జారిందన్నాను. నువ్వు చెప్పులే వేసుకోలేదు కదప్పా అన్నాడు. బండిలో ఏం లేదు వరదయ్యా, డాక్టరు కాడికి పో అన్నాడు. నా కారు బాగు చెయ్యడం చేతకానివాడు నన్ను బాగు చేసుకోమంటున్నాడు! దిగిపొమ్మన్నాను. దిగి, తలుపు మెల్లగా వేసి పోయాడు.

3 మే, ఉదయం ఆరు

పంకజాక్షి కేకకు లేచాను. వాకిలి నుంచి మంచం దాకా నెత్తుటి అడుగులు. అన్నీ ఎడమకాలివే. రాత్రి కరెంటు లేదు, తలుపు గడియ వేసే ఉంది. ఒంటికాలిదేదో ఇంట్లోకి వచ్చిండాది, తిరిగి పోలేదు, ఈడే ఉండాది అని వణికిపోతోంది. నేను మంచం మీదే పడుకుని తల కిందికి వంచి చూశాను. ఏమీ లేదు.

అప్పుడు ఆమె నా కాలు చూసింది. ఎడమ అరికాల్లో సోడాసీసా పెంకు, వేలెడంత. దాంతోనే ఇల్లంతా నడిచాను, దాంతోనే హాయిగా నిద్రపోయాను. ఆమె ఏడుస్తూ లాగింది. ఎవరి కాల్లోంచో తీస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. ఆనందమ్మ మొక్కిన కాలు ఇదే.

5 మే

చిత్తూరుకు బస్సులో వెళ్ళాను. తిరుపతి డాక్టరైతే స్టాండులో తెలిసిపోతుంది.

డాక్టరు నన్ను బల్లమీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. పాదం మీద గుండుసూదితో గుచ్చుతాను, గుచ్చినప్పుడల్లా ఊ అను అన్నాడు. సరేనన్నాను. కళ్ళు మూసుకుని కాచుకున్నాను. చాలాసేపు కాచుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదా సార్ అని అడిగాను.

అయిపోయిందన్నాడు.