రావాల్సిన అంకె

అక్కా,

ఒంట్లో కులాసాయే, దిగులంతా మనసులో. ఇంజనీరింగ్ పిల్లలకి నీతి పాఠాలు చెబుతున్నానని మురిసిపోయావు కదా, విను. ఇక్కడి ల్యాబులో కాంక్రీటు దిమ్మ ఎంత బరువుకి పగిలినా సరే, పుస్తకంలో ఉన్న అంకె రాసేయడం ఆనవాయితీ. "రేపు మీరు వేసే కప్పు కింద పసిపిల్లలు పడుకుంటారు, కళ్లతో చూసిందే రాయండి" అని క్లాసులో గొంతు చించుకున్నాను. ఒక్క అమ్మాయే విన్నది. పరీక్షలో దిమ్మ ఆ అంకెకి ముందే పగిలితే ఉన్నదున్నట్టు రాసి ఫెయిలయింది. ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లి, చదువుకునే రోజుల్లో ఉద్యమాల కరపత్రాల్లో చదివిందంతా ఆయన మీద కుమ్మరించాను. "పాఠం పాఠమే, మార్కులు మార్కులే. మంచినీళ్లు తాగు బాబూ" అన్నాడు. బయట ఆ పిల్ల నిలబడి ఉంది. "మీరు చెప్పినట్టే రాశాను కద సార్, ఇప్పుడు మా నాన్నకి ఏం చెప్పను?" అంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని చొక్కా పంపు, చలి మొదలైంది. ల్యాబులో సరైన అంకె రాకపోతే ఏం రాయాలని మన తమ్ముడు చిన్నోడు అడిగాడన్నావు. వచ్చిందే రాయమను. ఈ ఒక్క మాట రాయలేకే కార్డు ఇన్నాళ్లు ఆగింది. బావకి నమస్కారాలు. చిన్నోడు ఫెయిలైతే తిట్టొద్దని నాన్నకి ఇప్పుడే చెప్పి ఉంచు.

నీ తమ్ముడు